కుట్టుమిషను దగ్గర పెరిగిన బరువు, అలిపిరి మెట్ల మొక్కు

ప్రశ్న: నా వయసు 41. తిరుపతిలో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా మిషను ముందే ఉంటాను. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కితే ఆయాసం, దిగితే కుడి మోకాలు నొప్పి. పోయిన ఏడాది నెలరోజులు అన్నం మానేసి జ్యూసులు, నిమ్మకాయ నీళ్ల మీద ఉండి నాలుగు కిలోలు తగ్గాను. మూడు నెలలు తిరక్కుండానే ఐదు కిలోలు పెరిగాను. మా అమ్మకు షుగర్ ఉంది. సంక్రాంతి దాటాక అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఆరు నెలలే ఉంది. తెలిసినవాళ్లు బరువు తగ్గే పౌడరు అమ్ముతున్నారు, వాడొచ్చా? ఇంట్లో నలుగురం, నెలకు ఐదు లీటర్ల నూనె వాడతాం. నేను రోజుకు నాలుగు టీలు తాగుతాను. నాకోసం వేరే వండుకునే తీరిక లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, పౌడరు వద్దు. పూట భోజనం మానేసి అది తాగమంటారు కాబట్టి బరువు తగ్గుతుంది. తగ్గించేది డబ్బాలోని పొడి కాదు, మానేసిన భోజనం. డబ్బా అయిపోయిన రోజు మీరు మళ్లీ పాత పళ్లెం ముందే కూర్చుంటారు, కొత్త అలవాటు ఒక్కటీ వచ్చి ఉండదు. ఆ డబ్బుతో ముందు రక్తపరీక్షలు చేయించుకోండి. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్. బీపీ కూడా చూపించుకోండి. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి మొదటి రెండూ తప్పనిసరి. హిమోగ్లోబిన్ ఎందుకంటే, మెట్లెక్కితే వచ్చే ఆయాసం అంతా బరువు వల్లే అనుకుంటాం గానీ రక్తం తక్కువైనా అలాగే వస్తుంది. ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా మాత్రం ఈ జవాబు పక్కన పెట్టి రుయా ఆస్పత్రికో స్విమ్స్‌కో వెళ్లి గుండె పరీక్ష చేయించుకోండి.

పోయిన ఏడాది జరిగిన దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత కాలేయంలో, కండల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మొదటి వారం ఆ నిల్వ ఖర్చయి, నీళ్లు బయటికి పోతాయి. బరువు చూసే మిషను మీద ముల్లు దిగుతుంది, మనకు సంబరం. జ్యూసులో మాంసకృత్తులు దాదాపు ఉండవు, అందుకని తర్వాతి వారాల్లో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మళ్లీ అన్నం మొదలుపెట్టగానే నీళ్లు తిరిగొస్తాయి, పైన పెరిగేది ఎక్కువ భాగం కొవ్వు. అంటే ఏడాది కిందటి కంటే ఇప్పుడు మీ తొడల్లో బలం కాస్త తక్కువే ఉండొచ్చు. దిగేటప్పుడు మోకాలు నొప్పి పుట్టడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఈ ఆరు నెలల్లో 5 నుంచి 6 కిలోలు తగ్గితే చాలు. మీ ఎత్తుకు 76 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతో చెప్పే అంకె) 31.6. మన దేశస్థులకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క వేస్తారు, ఆ లెక్కన మీరు 60 దగ్గర ఉండాలి. ఆ అంకెను ఇప్పుడు తలచుకోకండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ, కొవ్వుల లెక్కలు మెరుగవుతాయి. మోకాలి సంగతి ఇంకా బాగుంటుంది: కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి కీలు మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఇక పద్ధతి. ఒకసారికి ఒక్క మార్పు, మహా అయితే రెండు. అదీ దసరా ముందు బ్లౌజులు గుట్టగా పడి ఉన్న రోజున కూడా చేయగలిగినంత చిన్నది. రెండు వారాలు నిలిస్తే తర్వాతిది. సోమవారం నుంచి నడక, చపాతీ, చక్కెర మానడం, యోగా అన్నీ కలిపి మొదలుపెడితే పదో రోజు పెళ్లి ఆర్డరు వస్తుంది, ఒకటి తప్పుతుంది, దాంతో అన్నీ జారిపోతాయి. చాలామంది విషయంలో జరిగేది ఇదే. మార్పు మరీ చిన్నగా ఉందే అనిపిస్తే సరైన కొలతలో ఉన్నట్టు.

మొదటి రెండు వారాలకు టీ, బాబిన్ (మిషనులో కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రం). నాలుగు టీలకూ తలా రెండు చెంచాల చక్కెర అనుకుంటే రోజుకు ఎనిమిది చెంచాలు, 40 గ్రాములు, 160 క్యాలరీలు. ఒక్కసారిగా మానొద్దు. కప్పుకు ఒకటిన్నర చెంచా చేయండి. రెండు వారాలకు నాలుక దానికి అలవాటు పడుతుంది, అప్పుడు ఒక చెంచా. అక్కడ ఆగినా రోజుకు 80 క్యాలరీలు మిగులుతాయి. బెల్లమో తేనో వేసుకుంటే ఏమీ మిగలదు, వాటిలోనూ దాదాపు అంతే శక్తి ఉంటుంది. టీతో పాటు వచ్చే బిస్కెట్లు కూడా ఈ లెక్కలోవే.

బాబిన్ సంగతి ఏమిటంటే, కాలితో తొక్కే మిషను పోయి మోటారు వచ్చాక మీ పనిలో కాళ్లకు కదలికే లేకుండా పోయింది. ఇకనుంచి బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ లేచి నిలబడండి. మిషను బల్ల పట్టుకుని మడమలు పైకెత్తి, మెల్లగా దించండి. పదిసార్లు. తర్వాతే కొత్త బాబిన్ వేయండి. అలారం పెట్టుకుంటే నాలుగు రోజులకు దాన్ని నొక్కేసి కూర్చుంటాం. బాబిన్ అయితే వద్దన్నా అయిపోతుంది, లేవక తప్పదు. ఈ కదలికతో బరువు పెద్దగా తగ్గదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పిక్కలకు బలం వస్తుంది, గంటల తరబడి ఒకే తీరున కూర్చోవడం తప్పుతుంది.

మూడో వారం నడక. పొద్దున్నే లేచి ఎస్వీ యూనివర్సిటీ మైదానానికి వెళ్లి గంట నడవాలని కాదు. రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు మీ వీధిలోనే. తిన్న వెంటనే కాసేపు నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు, మీ ఇంటి చరిత్రకు ఇది మరీ అవసరం. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే రెండున్నర నెలలకు అరగంట అవుతుంది. అప్పుడు దాన్ని పొద్దునొక పావుగంట, రాత్రొక పావుగంటగా విడదీసుకున్నా పరవాలేదు. వేగానికి కొలత: పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. చివరికి వారానికి 150 నిమిషాలకు చేరాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. ఆ రోజుల్లో ఇంట్లోనే వరండాలో తిరగండి, లేదా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో. వాన పడిందని నాలుగు రోజులు ఆపితే ఐదో రోజు మొదలుపెట్టడం కష్టమవుతుంది.

రెండో నెల వంటింటికి రండి. మీరు వేరే వండుకోనక్కర్లేదు, ఇంటిల్లిపాదికీ పనికొచ్చే మార్పులే ఇవి. నలుగురికి నెలకు ఐదు లీటర్ల నూనె ఎక్కువే. మూడున్నరకు తెండి. నూనె క్యాను నుంచి నేరుగా బాండలిలో వంచితే చేయి ఎప్పుడూ ఎక్కువే వంచుతుంది. అందుకే ఒకటో తేదీన మూడున్నర లీటర్లు వేరే క్యానులో పోసి పెట్టుకోండి, దానిలోంచి చెంచాతో కొలిచి వేయండి. తాలింపుకు రెండు చెంచాలు, కూరకు మరో రెండు. వంకాయ, బెండకాయ లాంటివి అడుగంటుతుంటే నూనె పోయకుండా మూత పెట్టి, మూతలో కాసిని నీళ్లు పోయండి, ఆ ఆవిరికే మగ్గుతాయి. ఇలా మిగిలిన లీటరున్నర నూనె మనిషికి రోజుకు సుమారు 100 క్యాలరీలతో సమానం. ఒకసారి వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం కూడా దీంతోనే తగ్గిపోతుంది.

మన ఇళ్లలో నూనె కంటే కంటికి కనపడనిది చెనిక్కాయల (వేరుశనగ) చట్నీ. ఇడ్లీ తేలిక, నిజమే. నాలుగు ఇడ్లీల మీద రెండు గరిటెలు చట్నీ వేసుకుంటే ఆ తేలిక పోతుంది. 30 గ్రాముల చెనిగ్గింజల్లో 170 క్యాలరీలుంటాయి. చెనిగ్గింజలు మంచివే, మాంసకృత్తులూ ఉంటాయి, మానొద్దు. గింజలు సగం, పుట్నాలు సగం వేసి, ఓ టమోటా మగ్గించి కలిపి రుబ్బండి. చెనిగ్గింజలతో చేసే ఊరుబిండికీ ఇదే మాట: సంగటికి నంజుకునేంత చాలు, కలుపుకునేంత వద్దు.

సంగటి గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. అన్నం మాని సంగటి తింటే సన్నబడతామని రెండు పెద్ద ముద్దలు లాగిస్తారు. వంద గ్రాముల బియ్యంలో 350 క్యాలరీల దాకా ఉంటే రాగిపిండిలో 320 పైచిలుకు ఉంటాయి, పెద్ద తేడా లేదు. పైగా సంగటిలో బియ్యమూ పడతాయి. రాగులతో లాభం పీచు, సున్నం (కాల్షియం). ఆకలి కాస్త ఆలస్యంగా వేస్తుంది. పిడికిలి కంటే కొంచెం పెద్దగా ఒక్క ముద్ద, పక్కన ఆకుకూర పప్పు నిండుగా. అలా తింటే సంగటి మీకు బాగా పనికొస్తుంది.

అన్నం మానొద్దు, గరిటెలు లెక్కపెట్టండి. మూడు నాలుగు రోజులు ఏమీ మార్చకుండా, పళ్లెంలో ఎన్ని గరిటెలు పడుతున్నాయో చూసుకోండి. నాలుగైతే రాత్రిపూట మూడు చేయండి, రెండు వారాల తర్వాత మధ్యాహ్నం కూడా. ఒక పెద్ద గరిటె అన్నం 80 గ్రాములుంటుంది, సుమారు వంద క్యాలరీలు. తగ్గించిన చోటు ఖాళీగా వదిలితే పది గంటలకు ఆకలేసి బొరుగుల డబ్బా తీస్తారు. ఆ చోట కూరో పప్పో ఇంకో గరిటె పడాలి. వరస కూడా మార్చండి: ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు ఉత్తిదే తినేసి, తర్వాత అన్నం కలుపుకోండి. రెండోసారి వడ్డించుకోవాలనిపిస్తే పది నిమిషాలు ఆగి చూడండి.

ఇక్కడ మాంసకృత్తుల విషయం కాస్త గట్టిగా పట్టుకోవాలి. పోయిన ఏడాది దెబ్బతిన్నది ఇక్కడే. మీకు రోజుకు 55 నుంచి 60 గ్రాములు కావాలి. రెండు గుడ్లతో 12, రెండు చిన్న కప్పుల పెరుగుతో 6 లేదా 7, యాభై గ్రాముల కందిపప్పుతో 11, గుప్పెడు ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు చేస్తే 8, మిగతాది అన్నం, రాగులు, పాల నుంచి వస్తుంది. శనివారం గుడ్డు తినని ఇల్లయితే ఆ రోజు అలసందలో పెసలో ఎక్కువ వేయండి. చలికాలం అనపకాయలు వస్తాయి, పితికిపప్పు చేసుకునేటప్పుడు నూనె పైకి తేలేలా చేయకుండా గింజలే ఎక్కువగా పెట్టుకుంటే అంతకంటే మంచి కూర లేదు. గుగ్గిళ్లు సాయంత్రం అయిదు గంటలకు పెట్టుకోండి. బజ్జీలు, బేకరీ పఫ్‌లు నోట్లోకి వెళ్లేది ఆ వేళలోనే. ఉలవలు ముందురోజు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కరులో అన్నంతో పాటే పెట్టేస్తే వేరే పని ఉండదు.

చక్కెరలో 80, నూనెలో 100, ఒక గరిటె అన్నంలో 100, మొత్తం రోజుకు 280 క్యాలరీలు. లెక్క ప్రకారం నెలకు కిలో. పిల్లల పళ్లెంలో మిగిలింది పారేయలేక తినడం, ఒక్కపొద్దు ఉన్న శనివారం రాత్రి రెట్టింపు టిఫిను, పొద్దున నడిచొచ్చామని నెయ్యి కారం దోసె, ఈ మూడూ ఆ లెక్కను సులువుగా తినేస్తాయి. అరగంట నడకకు మీ బరువుకు అదనంగా ఖర్చయ్యేది సుమారు వంద క్యాలరీలే. ఒక్క దోసెతో అది తీరిపోతుంది. పెరటాసి నెల శనివారాల ఒక్కపొద్దు భక్తి కోసం ఉండండి, బరువు కోసం కాదు.

ఇప్పుడు మోకాలు. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు నొప్పి ఉందంటే తొడ ముందు కండరం బలహీనంగా ఉండటం తరచు కనపడే కారణం. దిగేటప్పుడు ఆ కండరం సాగుతూనే బరువును పట్టి ఉంచాలి, అది దానికి కష్టమైన పని. మొదటి నెలంతా మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, దాన్ని కిందికి అదిమి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. కాలికి పదిసార్లు, పొద్దున రాత్రి. రెండో నెల నుంచి కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం. కుర్చీ మరీ తగ్గుగా ఉంటే దిండు వేసుకోండి. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి ఒరగకూడదు, పాదాల వేళ్ల వైపే చూడాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ఎనిమిదిసార్లు, కాస్త ఆగి మళ్లీ ఎనిమిది. రోజు విడిచి రోజు చాలు, కండరానికి విశ్రాంతి కావాలి. రెండు వారాలకోసారి రెండేసి పెంచి పన్నెండు దాకా తీసుకుపొండి, తర్వాత మూడు విడతలు. నొప్పికి హద్దు తెలుసుకోండి. పదికి రెండు మూడు వంతుల నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే పరవాలేదు. మర్నాడు వాచినా, నొప్పి ఎక్కువైనా ముందు వారం కొలతకు తిరిగి వెళ్లండి. మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పుతున్నా, మడవలేకుండా బిగుసుకుపోతున్నా ఎముకల డాక్టరుకు చూపించండి.

మూడో నెల నుంచి మీ ఇంటి మెట్లే మీ అలిపిరి. రెండో అంతస్తుకు సుమారు నలభై మెట్లుంటాయి. పనిమీద ఎక్కేవి కాక వారానికి మూడు రోజులు అదనంగా ఒక్కసారి ఎక్కి దిగండి. వారానికి ఒక్కో విడత పెంచుతూ పోతే, తప్పిన వారాలు పోను సంక్రాంతికి పది పన్నెండు విడతలవుతాయి. పాదం మొత్తం మెట్టు మీద ఆనించాలి, మునివేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని మెల్లగా దిగండి. నొప్పిగా ఉన్న రోజు నొప్పి కాలిని ముందు దించి, రెండో కాలిని అదే మెట్టు మీదికి తెచ్చుకుంటూ దిగండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు.

బరువు వారానికి ఒక్కరోజు, పొద్దున, ఏమీ తినకముందు, అదే మిషను మీద చూసుకోండి. నెలసరి ముందూ, ఊరగాయ ఎక్కువ తిన్న మర్నాడూ కిలో, కిలోన్నర పెరిగినట్టు కనపడుతుంది. అది నీరు. నాలుగు వారాల సగటు తీసి ముందు నెల సగటుతో పోల్చండి. అంతకంటే నమ్మకమైనది మీ మెడలోనే వేలాడుతున్న టేపు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం పెరుగుతుంది. నెలకు సెంటీమీటరు తగ్గినా మీరు సరైన దారిలోనే ఉన్నారు. రెండు మూడు వారాలు ముల్లు కదలకుండా, నడుము మాత్రం తగ్గుతూ ఉండటం మామూలే. నెలన్నర రెండూ కదలకపోతే కొత్తవేవీ తగ్గించకుండా, చక్కెర చెంచా, నూనె క్యాను, గరిటెల లెక్క మళ్లీ ఒకసారి కొలిచి చూడండి. మనకు తెలియకుండా పాత కొలతలు తిరిగొచ్చి ఉంటాయి. రాత్రి ఒంటిగంట దాకా కుట్టే పెళ్లిళ్ల సీజనులో నిద్ర తగ్గి ఆకలి పెరుగుతుంది. ఆ నెల బరువు పెరగకుండా ఉంటే చాలు.

మొక్కు రోజు గురించి. అలిపిరి దారిలో 3550 మెట్లు, దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారిమెట్టు దారిలో 2388 మెట్లే అయినా అది పొట్టి దారి, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వకుండా ఎక్కుడు ఉంటుంది, కాబట్టి తక్కువ మెట్లు కదా అని అటు మారకండి. అలిపిరిలో గాలి గోపురం దాకా కష్టం, ఆ తర్వాత చాలా దూరం నడకే ఎక్కువ, చివర్లో కాళ్లు అలిసిపోయిన వేళకు మోకాళ్ల మెట్టు అనే నిటారు ఎక్కుడు వస్తుంది. బలం దానికోసం దాచుకోవాలి. మూడు వారాల ముందు ఒక పొద్దున అలిపిరికి వెళ్లి మూడు వందల మెట్లు ఎక్కి దిగి చూడండి. మర్నాడు మోకాలు వాయకపోతే ధైర్యంగా వెళ్లొచ్చు. చెప్పులు లేకుండా ఎక్కాలనుకుంటే ఆఖరి నెలంతా ఇంటి మెట్లు ఉత్తి కాళ్లతోనే ఎక్కండి, లేకపోతే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. పరీక్షల్లో షుగర్ బయటపడి, పాదాల్లో తిమ్మిరి ఉంటే మాత్రం ఉత్తి కాళ్ల ఆలోచన మానుకోండి.

చిరుతల సంచారం వల్ల నడకదారి వేళలు మారుతుంటాయి, ముందురోజే టీటీడీ సమాచారం చూసుకోండి. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది, మీ పరీక్షల్లో అలాంటిదేమైనా వస్తే డాక్టరు మాటే ఆఖరు. ఎండెక్కకముందే మొదలుపెట్టండి. గంట ముందు రెండు ఇడ్లీలు, దారిలో ఇరవై నిమిషాలకోసారి రెండు గుక్కల నీళ్లు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ. బ్యాగు మోయొద్దు, అలిపిరిలో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. మొదటి వంద మెట్లు కావాలనే నిదానంగా ఎక్కండి, యాభై మెట్లకోసారి నిలబడండి, నాలుగైదు గంటలు పట్టినా పట్టనివ్వండి. దర్శనమయ్యాక దిగడం మాత్రం బస్సులోనే. ఎక్కిన కాళ్లతోనే మళ్లీ 3550 మెట్లు దిగితే రెండు మూడు రోజులు మిషను ముందు కూర్చోలేరు, కుడి మోకాలికి ఆరు నెలల పని వృథా అవుతుంది.